స్వయంగా వెళ్లి చూశారా?

మూడింటికి కదలాల్సిన బస్సు మూడూ పదికి కదిలింది. నాలుగున్నరకి నందిగామలో నాకు సన్మానం. ఈలోగా తేల్చుకోవాల్సింది ఒకటే: శాలువా కప్పించుకుని నవ్వుతూ స్టేజీ దిగడమా, ఆ శాలువా కింద దాక్కున్న అబద్ధాన్ని నేనే బయటికి లాగడమా. ఆలోచించుకోవడానికి జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా ఉన్న ఈ రోడ్డు తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. కిటికీ పక్క సీటు దొరికింది, అదే పదివేలు. ఆడవాళ్లకి టిక్కెట్టు లేకుండా చేసినప్పట్నుంచీ ఈ బస్సులో కూర్చోవడమంటే పెళ్లిలో మొదటి బంతిలో కూర్చోవడమే. మార్చి ఎండ మెడ మీద పడుతోంది. మోకాళ్లు లాగుతున్నాయి. ఇరవై నాలుగేళ్లుగా పల్లెల్లో సూదులు వేసి, చుక్కలు వేసి, జ్వరాలు రాసుకుని తిరిగిన మోకాళ్లు, వాటికీ ఒక శాలువా కప్పితే బాగుండు. చేతిసంచిలో వెస్లీ రాసిచ్చిన కాగితం ఉంది. మా ఆయన తెలుగు పంతులు, రెండు నిమిషాల ప్రసంగాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఎక్కడ ఆగాలో ఎర్రసిరాతో గీతలు కూడా పెట్టాడు. ‘నా ఈ చిన్న కృషిని గుర్తించినందుకు’ దగ్గర ఒక గీత. అక్కడ ఊపిరి తీసుకోవాలట. పొద్దున ఇస్త్రీ చేసిన చీర ఇస్తూ, జాయిస్, ఇవ్వాళైనా నవ్వవే, అన్నాడు. నవ్వాను. ఆయనకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఒళ్లో ట్యాబు ఉంది. చార్జింగ్ ముప్పై ఒక్క శాతం. అందులో వేగు ఉంది. వేగు అంటే మా డిపార్ట్‌మెంటు పెట్టిన కృత్రిమ మేధ, మళ్లీ కరోనా లాంటిది వస్తే ముందే పసిగట్టడానికి. మేము ఇంటింటికీ తిరిగి ఎక్కించే జ్వరాలు, ఆస్పత్రి ఓపీ చీటీలు, మందుల కొట్లలో అమ్ముడుపోయే దగ్గుమందులు, బడి పిల్లల హాజరు, అన్నీ అది రోజూ చదువుతుంది. ఎక్కడైనా లెక్క తేడాగా ఉంటే పైవాళ్లకీ, ఆ ఊరి సూపర్‌వైజరుకీ ఎర్రగా మోగుతుంది. సూపర్‌వైజరంటే నేను. నేను వెళ్లి చూడాలి. చూసి, రోగమా, మరొకటా అని చెప్పాలి. నేను చెప్పింది విని అది నేర్చుకుంటుంది. బిడ్డకి నడక నేర్పినట్టే అనుకోండి, అన్నారు శిక్షణలో. ఎంత ముచ్చటగా చెప్పారో. మేమంతా టీ తాగుతూ తలూపాం. ఆ బిడ్డ ఇవ్వాళ పెళ్లికెదిగింది. ఢిల్లీ నుంచి బృందం వచ్చి కూర్చుంది నందిగామలో. మా జిల్లాలో అది నేర్చుకున్న పాఠాన్ని దేశంలో మిరప పండే జిల్లాలన్నిటికీ పంపే కాగితం మీద ఈ సాయంత్రమే సంతకం. ఆ పాఠం నేర్పిన టీచర్ని నేనట. అందుకే శాలువా.

బస్సు ఊరు దాటింది. ముందు సిమెంటు లారీ, దాని వెనక తెల్లటి దుమ్ము, ఆ దుమ్ములో మేము. దుమ్ముకి దగ్గుతామా లేదా, ఇదే కదా మొదట్నుంచీ పేచీ. ఈ ప్రాంతంలో దగ్గు లేని నెల ఏది? క్వారీలకో దగ్గు, ఫ్యాక్టరీలకో దగ్గు, జనవరి నుంచి మార్చి దాకా మిరప దగ్గు. కల్లాల్లో కాయ ఎండబోసి, ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని తాలుకాయలు ఏరుతుంటే ఆ ఘాటుకి రోడ్డు మీద పోయేవాడు కూడా తుమ్ముతాడు. రెండేళ్ల కిందట వేగు కొత్తగా వచ్చినప్పుడు పాపం దానికా సంగతి తెలియదు. ఫిబ్రవరి రాగానే ఒక ఊరు మోగింది, మర్నాడు ఇంకోటి. పరుగెత్తాను. గుర్రాలపాడు కల్లంలో మాస్కు పెట్టుకుని, గ్లవుజులు తొడుక్కుని నిలబడితే, కాయలేరే ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. ‘ఏందమ్మోయ్, మా మిరపకాయలకి ఇంజెక్షన్ చేస్తావా?’ చింతలగూడెంలోనూ అదే. ఆ సాయంత్రం మా ప్రోగ్రాం ఆఫీసరు డాక్టర్ కిషోర్‌బాబు గారికి చెబితే ఆయనా నవ్వారు. ‘మిషన్‌కి మిరప బజ్జీ పెట్టి చూపించమ్మా, తెలుసుకుంటుంది’ అన్నారు. కారణం అన్న చోట ‘మిరప ఘాటు’ అని కొట్టాను. దాని కిందే ఒక ప్రశ్న వస్తుంది. మీరు స్వయంగా వెళ్లి చూశారా? అవును, కాదు. అవును నొక్కాను. ఆ రెండుసార్లూ నిజంగా అవునే.

మూడోసారి ఎండగా ఉంది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం చెప్పుకోవాలని చాలాసార్లు వెతికాను, దొరకలేదు. బండిలో పెట్రోలుంది, ఊరు తొమ్మిది కిలోమీటర్లు, ఒంటిగంట ఎండ. చల్లటి గదిలో కూర్చుని మిరప ఘాటు అని కొట్టాను. వెళ్లి చూశారా? వేలు ఒక్క క్షణం ఆగింది. అవును. ఆకాశం విరిగి మీద పడలేదు. నాలుగోసారి వేలు ఆగలేదు. అయిదోసారికి అన్నం తింటూ ఎడం చేత్తో నొక్కాను. ఆ సీజనూ, తర్వాతి సీజనూ కలిపి నలభై ఒకటి. అందరూ అలాగే చేశారు, నాకు తెలుసు. కానీ నేను అందరికంటే త్వరగా నొక్కాను. జిల్లాలో వేగంగా నిర్ధారణ చేసిన సూపర్‌వైజరని లిస్టులో పేరు పైకొచ్చింది. ఆ పేరు చూసి మిషన్ కూడా నన్నే ఎక్కువ నమ్మిందట. నమ్మినవాళ్లని మోసం చేయడం ఎంత తేలికో. ఈ ఏడు సీజను మొదలైంది, ఒక్క మిరప ఊరూ మోగలేదు. మీటింగులో కిషోర్‌బాబు గారు చప్పట్లు కొట్టించారు. మిషన్‌కి బుద్ధొచ్చిందమ్మా, నీ చలవే, అన్నారు.

టోల్‌గేటు దగ్గర లారీల వరస. బస్సు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. టైము మూడూ ముప్పై నాలుగు.

నిన్న పొద్దున క్రిస్టీ ఫోను. రాళ్లకుంట చూసే నర్సు పిల్ల, ఉద్యోగంలో చేరి మూడేళ్లు, ఇంకా అలసిపోని పిల్ల. రాళ్లకుంట మా మండలం చివర చిన్న కాలనీ, నలభై గడపలు, ఒక చర్చి. అంతా కూలికెళ్లేవాళ్లే. ‘మేడం, కాలనీలో పదిహేడు మందికి దగ్గు, జ్వరం. నలుగురికి ఆయాసం.’ నా నోటికి ఆ మాట దానంతటదే వచ్చింది, చెప్పులు వేసుకున్నట్టు. ‘మిరప ఘాటేలేవే.’ ‘మేడం, కోతలైపోయి పదిరోజులైంది. టిక్కీ బస్తాలన్నీ కోల్డ్ స్టోరేజీకి పోయినై. కల్లంలో ఒక్క కాయ లేదు.’ నేను ఏదో అనబోయాను. ‘మంచం దిగని ఏలీయా తాతకి కూడా అదే దగ్గు మేడం. ఆయనకి ఘాటెట్టా తగిలిద్ది?’

ఏలీయా బాబాయ్. తుంటి విరిగి రెండేళ్లుగా మంచంలో ఉన్న మనిషి. మనవరాలు ముద్ద కలిపి పెడితే తినేవాడు, కిటికీలోంచి చర్చి గంట వింటే అదే ఆయనకి ఊరు. ఆయన కల్లానికి వెళ్లలేదు. కల్లమే లేదు. ఎవరో ఒకరు ఆ మంచం దగ్గరికి ఈ దగ్గుని మోసుకెళ్లారు, ఆ మోసుకెళ్లింది ఘాటు కాదు. ఇది తెలియడానికి కృత్రిమ మేధ అక్కర్లేదు, ఉన్న మేధ చాలు. నిన్న మధ్యాహ్నానికి ఆయన్ని నందిగామ ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆక్సిజన్ ఎనభై ఆరు అని క్రిస్టీ మెసేజి. గొంతు శాంపిళ్లు కూడా తనే తీసి పంపింది, రిజల్టుకి రెండురోజులు పడుతుంది. కిషోర్‌బాబు గారికి ఫోన్ చేశాను. రిజల్టు రానీ, రేపు ఢిల్లీ వాళ్లు వెళ్లాక మాట్లాడదాం, ఇప్పుడు తేనెపట్టు కదపకు జాయిస్, అన్నారు. సరేనండి అన్నాను. ఇరవై నాలుగేళ్లలో ఆ మాట ఎన్నిసార్లన్నానో ఏ మిషనూ లెక్కపెట్టి ఉండదు.

రెండువేల ఇరవై ఒకటి. అదే కాలనీ. టీకా బాక్సు పట్టుకుని వెళ్తే తలుపులు వేసుకున్నారు. వేయించుకున్నవాడు వారంలో పోతాడని ఎవరో పుట్టించారు. ఆదివారం ప్రార్థన అయ్యేదాకా చర్చి బయట వేపచెట్టు కింద కూర్చున్నాను, బాక్సులో ఐసు కరిగిపోతోంది, నాకు ఏడుపొస్తోంది. సంఘపెద్ద ఏలీయా బాబాయ్ బయటికొచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. ‘ఈ మందు పనిచేసుద్దని పేపర్లో చదివి చెబుతున్నావా, చూసి చెబుతున్నావా అమ్మా?’ అన్నాడు. ‘నేనే వేయించుకున్నా బాబాయ్, చూసే చెబుతున్నా’ అన్నాను. అప్పుడాయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. జనం వైపు తిరిగి, ‘ముందు నాకు. నేను చస్తే ఎవురూ రావొద్దు. బతికితే మటుకు వంకలు చెప్పకుండా వరసలో నిలబడండి’ అన్నాడు. వెనక నుంచి ఆయన భార్య అరిచింది, ‘నువ్వు చావడానికి ఇదో సాకా ముసలోడా!’ అందరూ నవ్వారు. మరుసటి ఆదివారం నాటికి ఆయన బతికే ఉన్నాడు, వరస చర్చి చుట్టూ తిరిగింది. ‘నువ్వు చూశానంటే చాలమ్మా’ అని నాతో అన్నాడా? అన్నాడు. ఆ మాట నాకు ఇంకెవరూ ఇవ్వని శాలువా.

నేను నొక్కిన ఆ నలభై ఒకటిలో పదో పన్నెండో రాళ్లకుంటవే ఉంటాయి. ఏలీయా బాబాయ్ ఊరు. వెళ్లి చూశారా? అవును, అవును, అవును.

‘నువ్వు గవర్నమెంటాస్పత్రి మేడానివి కదూ?’ పక్కసీటు పెద్దావిడ. ముక్కుపుడక, ఒళ్లో పూలబుట్ట. ఎక్కడో చూశాను. ‘మా లక్ష్మీకాంత్ మందుల కొట్టుకి వస్తుంటావుగా. నేను వాళ్లమ్మని, సత్యనారాయణమ్మని. కీసరలో అమ్మాయింటికి పోతున్నా.’

‘అవునండి, గుర్తొచ్చారు.’

‘మావాడికి పదిరోజుల్నించీ అన్నం తినే తీరిక లేదనుకో. దగ్గుమందు, దగ్గుమందు. కాయ కూడా కోల్డ్ స్టోరేజీకి పోయిందిగా, ఇంకా ఈ దగ్గేంట్రా అంటే, నన్నడుగుతావేంటే, నేనేమన్నా డాక్టర్నా అంటాడు. అమ్మిందల్లా కంప్యూటర్లో ఎక్కిస్తున్నాడు పాపం. అదంతా మీ మిషన్‌కే పోతుందటగా? అది మీకేం చెప్పలా?’

‘చెప్పలేదండి.’

‘చెప్పదులే’ అంది ఆవిడ పూలు సర్దుకుంటూ. ‘నోరున్న మనిషే చెప్పని రోజులు. నోరులేని మిషనేం చెబుద్ది!’

ఆవిడ నన్ననలేదు. ఆవిడకి నా సంగతేం తెలుసు. కానీ చెంప మండింది. బస్సు కదిలింది. ట్యాబు తెరిచాను.

పొద్దున్నే ఒకసారి ప్రయత్నించాను, దొంగలా, వంటింట్లో నిలబడి. రాళ్లకుంట, అనుమానిత వ్యాధి, నా తరఫున హెచ్చరిక అని కొట్టాను. వేగు మర్యాదగా జవాబిచ్చింది. దానికి మర్యాద ఎక్కువ. ఈ ప్రాంతంలో ఈ కాలంలో దగ్గుకి కారణం మిరప ఘాటు. నమ్మకం తొంభై ఆరు శాతం. ఆధారం: సూపర్‌వైజర్ జాయిస్ స్వయంగా వెళ్లి చూసి నిర్ధారించిన నలభై ఒక్క సంఘటనలు. హెచ్చరిక పంపడం లేదు. టీ పొంగి స్టవ్ మీద పోయింది. నా మాట మీద నా సాక్ష్యమే గెలిచింది. ఇప్పుడు మళ్లీ అదే జవాబు, అవే అక్షరాలు. కింద చిన్నగా ఒక వరస, పొద్దున చూసి మూసేసిన వరస: ఆధారాలను సవరించండి.

నొక్కితే ఏమవుతుందో తెలుసు. తప్పుడు నివేదికలకి సస్పెన్షన్. పెన్షనుకి ఇంకా తొమ్మిదేళ్లు. పక్క మండలం సూపర్‌వైజర్లు మొహం చూడరు. నువ్వు నీ తప్పు ఒప్పుకుని మా అందరి కొంపా ముంచావంటారు, అందులో అబద్ధం లేదు. నొక్కకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. సాయంత్రం సంతకం పడుతుంది. ఈ పాఠం గుంటూరు దాకా, ఖమ్మం దాకా, పేర్లు కూడా తెలియని ఊళ్లదాకా పోతుంది. ఎక్కడో ఒక క్రిస్టీ ఫోన్ చేస్తుంది, ఎక్కడో ఒక మిషన్ మర్యాదగా, జాయిస్ గారు స్వయంగా చూశారండి, అంటుంది. ఎన్ని మంచాల పక్కన అంటుందో. రిజల్టు రేపొచ్చినా ఎల్లుండొచ్చినా అది ఒక్క రాళ్లకుంటకే. నా వేలు మాత్రం దేశమంతా తిరుగుతుంది. అలసట అంటే ఇదేనేమో. చేసిన పనికి కాదు, చేయని పనికి వచ్చే అలసట.

సవరించండి. నొక్కాను.

మొదటిది గుర్రాలపాడు. మీరు స్వయంగా వెళ్లి చూశారా? అది నిజం, ఉంచాను. చింతలగూడెం, ఉంచాను. మూడోది పోతనపాలెం, ఒంటిగంట ఎండ. కాదు. నాలుగు. కాదు. ఒక్కోదానికీ మీరు నిశ్చయంగా చెబుతున్నారా అని మళ్లీ అడుగుతుంది. నిశ్చయంగానే తల్లీ. తొమ్మిదోది, కాదు. పన్నెండోది రాళ్లకుంట, కాదు. ఆ రోజు మా అమ్మాయి పుట్టినరోజు, కేకు కోస్తూ నొక్కాను, క్రీము అంటింది స్క్రీనుకి. పదిహేను, కాదు. ఇది మీటింగులో. పంతొమ్మిది, రాళ్లకుంట మళ్లీ, కాదు. ఇది ఎందుకో గుర్తులేదు, ఏ కారణమూ లేదు, ఊరికే. పెనుగంచిప్రోలు అడ్డరోడ్డు దగ్గర సిగ్నల్ పోయింది. తెల్లటి చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది. ట్యాబు ఎత్తి కిటికీలోంచి బయటికి చాపాను. ‘మేడం, చెయ్యి లోపల పెట్టండి, లారీ కొట్టుకుపోద్ది’ అని కండక్టరు అరిచాడు. పెట్టను. వచ్చింది సిగ్నల్. ఇరవై మూడు. కాదు. చార్జింగ్ పద్నాలుగు. బయట మిరప తోటలు, కోసేసిన మోళ్లు, ఖాళీ కల్లాలు, వాటి మీద పరదాలు మడతపెట్టి రాళ్లు పెట్టి ఉన్నాయి. కిటికీలోంచి కూడా కనపడుతున్నాయి ఖాళీగా. ఒక్కసారి తలెత్తి ఉంటే చాలు. ముప్పై. కాదు. సత్యనారాయణమ్మ గారు ట్యాబులోకి తొంగి చూస్తున్నారు. ‘ఏంటమ్మా అన్నిటికీ కాదు, కాదు అంటున్నావు?’ ‘ఇన్నాళ్లూ అవునన్నానండి’ అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూశారు. బుట్టలోంచి ఒక మూర పూలు తుంచి నా ఒళ్లో పెట్టారు. ఎందుకో. ముప్పై ఆరు. బస్సు హైవే దిగి నందిగామ ఊళ్లోకి తిరిగింది. ముప్పై తొమ్మిది, నలభై. చార్జింగ్ నాలుగు. నలభై ఒకటి, రాళ్లకుంట, కిందటేడు మార్చి ఇరవై ఒకటి. అప్పటికే బాబాయ్ మంచంలో ఉన్నాడు. ఆ రోజు వెళ్లి ఉంటే ఆయన్నీ పలకరించి వచ్చేదాన్ని.

కాదు.

పంపాను. స్క్రీను ఆగిపోయినట్టు నిలబడింది. వేగు ఆలోచిస్తోంది. అలా ఆలోచించడం ఎప్పుడూ చూడలేదు నేను.

బస్టాండులో దిగాను. నాలుగూ పద్దెనిమిది. కుడివైపు ఫంక్షన్ హాలు, రోడ్డు మీదకే వినపడుతున్న మైకు, ఎవరో హలో హలో అంటున్నారు. ఎడమవైపు ఆస్పత్రి. మోకాళ్లు ఎటు తిరిగాయో నేను చూడలేదు, తిరిగాక తెలిసింది. ఆస్పత్రి గేటు దాటి మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మోగింది. కిషోర్‌బాబు గారు. వెనక పెద్ద గోల.

‘జాయిస్! ఏం చేశావమ్మా? ఇక్కడ అందరి ఫోన్లూ ఎర్రగా మోగుతున్నై. పదకొండు ఊళ్లు. ఢిల్లీ ఆయన ఫోన్ కూడా! ఆయన పెన్ను కింద పెట్టి ఇదేంటని అడుగుతుంటే నేనేం చెప్పను? మిషన్‌కి పిచ్చెక్కిందా?’

పదకొండు. నేను ఒక్క రాళ్లకుంటే అనుకున్నాను. మెట్టు మీద కూర్చుండిపోయాను. ఇన్నిరోజులుగా పదకొండు ఊళ్లు దాని లోపల అరుస్తుంటే, దాని నోటి మీద ఉన్నది నా చెయ్యి.

‘పిచ్చి కాదు సార్’ అన్నాను. ‘ఇప్పుడే పనిచేస్తోంది.’

‘నువ్వెక్కడున్నావు? నీ పేరు పిలుస్తున్నారు.’

‘ఆస్పత్రిలో ఉన్నా సార్. చూడ్డానికొచ్చా.’

మైకులో నిజంగానే నా పేరు. ఆయన ఫోన్ పెట్టేశారు. రేపు ఏం కాగితం వస్తుందో రానీ. చేతిసంచిలోంచి మాస్కు తీశాను, వెస్లీ రాసిన కాగితం దాంతోపాటు బయటికొచ్చింది, మళ్లీ లోపల పెట్టాను. అందులో ఊపిరి తీసుకోమన్న గీత ఒక్కటే పనికొచ్చింది. తీసుకున్నాను. వార్డు తలుపు అద్దంలోంచి మూడో మంచం మీద ఏలీయా బాబాయ్, ముక్కుకి గొట్టం, పక్కన మాస్కు పెట్టుకున్న క్రిస్టీ. ఆయన ఛాతీ లేస్తోంది, పడుతోంది. లేస్తోంది.

ఒక శాతం చార్జింగుతో ట్యాబు చేతిలో ఎర్రగా మోగింది. రాళ్లకుంట. మీరు స్వయంగా వెళ్లి చూశారా?

ఆగు, అన్నాను దాంతో. తలుపు తోసుకుని లోపలికి నడిచాను.